పక్షులకు సరిహద్దుల్లేవని లెక్కలతో చూపిన సలీం అలీ

ఏటా చలికాలం మొదలయ్యే సరికి సైబీరియా, మధ్య ఆసియా దేశాల నుంచి లక్షల సంఖ్యలో బాతులు, కొంగలు మన దేశంలోని చెరువులకు, సరస్సులకు వస్తాయి. ఎండలు ముదిరేలోపు మళ్లీ వెళ్లిపోతాయి. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఏ దారిన వస్తున్నాయో ఒకప్పుడు మన దగ్గర సరైన లెక్క లేదు. ఆ లెక్క కట్టే పనిని పెద్ద ఎత్తున నడిపించిన మనిషి డాక్టర్ సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో పుట్టారు. తోబుట్టువుల్లో ఆఖరివాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. ఆ యతీమ్ పిల్లలందరినీ మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తమ ఇంట్లో పెట్టుకుని పెంచారు.

చిన్నప్పుడు సలీంకు ఎయిర్ గన్‌తో పిచ్చుకలు కొట్టడం సరదా. ఒకరోజు కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ కనిపించింది. మామూలు పిచ్చుకైతే తినొచ్చని తెలుసు. ఇదేమో కొత్తగా ఉంది, తినడం సబబో కాదో అర్థం కాలేదు. దాన్ని మామూ దగ్గరకు తీసుకెళ్లాడు. ఆయనకూ తెలియక, ఒక చీటీ రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దగ్గరకు పంపారు. ఆ ఇంగ్లీషు దొర పిల్లాణ్ణి తరిమేయకుండా పక్షి పేరు చెప్పి, సొసైటీలో దాచిన పక్షులను డ్రాయర్లు తెరిచి చూపించాడు. సలీం అలీ జీవితం అక్కడే మలుపు తిరిగింది.

కానీ బతుకుతెరువు దొరకడం అంత తేలిక కాలేదు. కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి బర్మా వెళ్లారు, అది కలిసి రాలేదు. తిరిగొచ్చి కామర్స్ కాలేజీలో లా, అకౌంటెన్సీ చదివారు. మనసు మాత్రం పక్షుల మీదే ఉండటంతో సెయింట్ జేవియర్స్‌లో జంతుశాస్త్రం కూడా నేర్చుకున్నారు. 1918లో తహ్మీనాతో పెళ్లయింది. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడు ఉద్యోగం దొరికింది. ఇంకా నేర్చుకోవాలని సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ దగ్గర పనిచేశారు. హెలిగోలాండ్ దీవిలో వలస పక్షులను పట్టి, కాలికి రింగు వేసి వదలడం చూశారు. 1930లో ఇంటికొస్తే, డబ్బుల్లేవని మ్యూజియం వాళ్లు ఉద్యోగమే తీసేశారు.

చేతిలో ఉద్యోగం లేని ఆ రోజుల్లోనే ఆయనకు మన హైదరాబాదుతో సంబంధం కలిసింది. సంస్థానాల్లో పక్షుల సర్వే చేస్తానని, తనకు జీతం అక్కర్లేదని, ఖర్చులు భరిస్తే చాలని ముందుకొచ్చారు. నిజాం సర్కారు ఒప్పుకుంది. 1931, 1932ల్లో సలీం అలీ, తహ్మీనా కలిసి హైదరాబాద్ సంస్థానం అడవులన్నీ తిరిగారు. ఆ సర్వే ఫలితాలు సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. అన్నిట్లోనూ తోడుగా నిలిచిన తహ్మీనా 1939లో ఆపరేషన్ తర్వాత కన్నుమూశారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సరస్సు మహారాజుల బాతుల వేట స్థలం. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చిన ఒక్కరోజే 4,273 పక్షులను కాల్చి చంపారు. ఆ లెక్కను గొప్పగా రాతి మీద చెక్కించారు. అది నవంబరు 12, సలీం అలీ పుట్టినరోజు. స్వాతంత్ర్యం వచ్చాక సరస్సును ఎండగట్టి, నీళ్లు పొలాలకు మళ్లించాలని ఒత్తిడి వచ్చింది. అప్పుడు సలీం అలీ ప్రధాని నెహ్రూ వరకూ వెళ్లి విషయం చెప్పారు. సరస్సు నిలిచింది.

1957లో కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో కోతులు చనిపోయి, మనుషులకు జ్వరాలొచ్చాయి. ఆ వైరస్‌కు రష్యాలోని ఒక వైరస్‌తో పోలిక ఉండటంతో, వలస పక్షుల ఒంటి మీది గోమార్ల ద్వారా వచ్చిందేమోనని అనుమానించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బిచ్చింది, సలీం అలీ పెద్ద ఎత్తున రింగులు వేయించడం మొదలుపెట్టారు. పక్షి దొరికితే బొంబాయికి తెలియజేయమని రింగు మీద ఉండేది. భరత్‌పూర్‌లో రింగు వేసిన బాతులు సోవియట్ దేశంలో దొరికాయన్న కబుర్లు వచ్చాయి. పక్షులే రోగం తెచ్చాయన్న అనుమానం నిలబడలేదు గానీ, వాటి దారులు బయటపడ్డాయి. తర్వాత ఈ పనికి అమెరికా సైన్యం నిధులు కూడా రావడంతో పత్రికల్లో, పార్లమెంటులో గొడవైంది. క్రిముల యుద్ధం కోసమా అని అడిగారు. ఆ నింద ఆయన్ను బాగా బాధపెట్టింది.

ఒక దేశం చెరువును కాపాడి, ఇంకో దేశం దారిలో పక్షిని కాల్చేస్తే లాభం లేదు. అందుకే 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో చిత్తడి నేలల ఒప్పందం, 1979లో జర్మనీలోని బాన్‌లో వలస జీవుల ఒప్పందం కుదిరాయి. మన దేశం రెండింట్లోనూ చేరింది. 1981లో భరత్‌పూర్, చిలికా సరస్సులు మన తరఫున రామ్‌సర్ జాబితాకెక్కాయి. మన కొల్లేరు 2002లో చేరింది.

ఆయన వైపు నుంచి అన్నీ సరిగ్గా జరిగాయని చెప్పలేం. 1982లో భరత్‌పూర్‌లో పశువుల మేతను నిషేధించారు. సలీం అలీ, ఆయన సొసైటీ దానికి మద్దతిచ్చారు. ఊళ్లవాళ్లు ఎదురుతిరిగితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. గేదెలు లేక గడ్డి పెరిగిపోయి పక్షులకే చోటు తగ్గిందని తర్వాత సొసైటీ చేసిన అధ్యయనంలోనే తేలింది.

1976లో అంతర్జాతీయ గెట్టీ బహుమతి కింద 50,000 డాలర్లు వస్తే అందులో చాలా భాగం సొసైటీకే ఇచ్చేశారు. అదే ఏడాది పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం వచ్చాయి. 1987లో, 90 ఏళ్ల వయసులో, బొంబాయిలో చనిపోయారు.

ఆయన రోజుల్లో భరత్‌పూర్‌కు వచ్చే తెల్లటి సైబీరియన్ కొంగలు అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా ఎగిరొచ్చేవి. దారిలో వేట, యుద్ధాల వల్ల ఏటేటా తగ్గిపోయి, 2002 తర్వాత రావడమే మానేశాయి. బాతులు మాత్రం ఇంకా వస్తున్నాయి. వచ్చే చలికాలం పిల్లల్ని తీసుకుని దగ్గర్లోని చెరువుకు వెళితే, రష్యా నుంచి వచ్చిన అతిథులను అక్కడే చూడొచ్చు.