చార్లెస్ లయెల్

ఇటలీ దేశమున, నేపుల్సు నగరమునకు పడమట, సముద్రతీరమున పొజ్జువోలీ అను పట్టణము కలదు. అచ్చట రోమనుల కాలపు అంగడి శిథిలములలో మూడు పాలరాతి స్తంభములు నేటికిని నిలిచియున్నవి. పూర్వులు దానిని సెరాపిస్ దేవాలయమని తలచిరి. 1828వ సంవత్సరమున ఆ స్తంభములను పరీక్షించి, వానియందు భూమి చరిత్రను చదివిన శాస్త్రజ్ఞుడు చార్లెస్ లయెల్.

లయెల్ 1797వ సంవత్సరము నవంబరు 14వ తేదీన స్కాట్లండు దేశమున జన్మించెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున బక్‌లండు పండితుని ఉపన్యాసములు విని, భూగర్భశాస్త్రముపై మక్కువ పెంచుకొనెను. పిదప న్యాయవాది యయ్యెను. కాని అతని కన్నులు బలహీనమైనవి. దీర్ఘకాలము చదువుట కష్టమయ్యెను. క్రమముగా ఆ వృత్తిని విడిచి, కొండలను, తీరములను పరిశీలించుటకే జీవితమును అంకితము గావించెను.

పర్వతములు, లోయలు పూర్వకాలపు మహోత్పాతములచే ఏర్పడినవనియు, అట్టి శక్తులు ఇప్పుడు లేవనియు ఆనాటి పండితులు పెక్కుమంది నమ్ముచుండిరి. లయెల్ అందుకు సమ్మతింపలేదు. నేడు మన యెదుట పనిచేయుచున్న వాన, నది, సముద్రము, భూకంపము, అగ్నిపర్వతము - ఇవియే అనంతకాలము పనిచేసి భూమికి ఈ రూపము నిచ్చినవని అతని విశ్వాసము. విశ్వాసమునకు సాక్ష్యము కావలెను గదా! అది పొజ్జువోలీలో లభించెను.

ఆ స్తంభములు సుమారు 40 అడుగుల ఎత్తు గలవి. అడుగున 12 అడుగులవరకు నునుపుగా నున్నవి. ఆపైన 9 అడుగుల మేర చిల్లులు నిండియున్నవి. అవి సముద్రజలమున జీవించుచు రాతిని తొలుచు ఒక జాతి ఆలుచిప్పల పని. క్రిందిభాగము మట్టిలో పూడియుండుటచే వానికి చిక్కలేదు. సముద్రమే పొంగినచో తీరములన్నిటను ఆ గుర్తు కనబడవలెను. కావున నేలయే స్తంభములతో కూడ క్రుంగి, మరల పైకి లేచినదని లయెల్ నిర్ణయించెను. స్తంభములు కూలలేదు గనుక, ఆ చలనము మెల్లగా జరిగియుండవలెను.

1830వ సంవత్సరమున ప్రకటితమైన అతని 'భూగర్భశాస్త్ర సూత్రములు' అను గ్రంథమున ముఖచిత్రము ఆ స్తంభములదే. డార్విను తన నౌకాయాత్రలో ఆ గ్రంథమును వెంట గొనిపోయెను.

అగ్నిపర్వతములు భూమి లోపలినుండి ఒక్కసారిగా ఉబ్బినవనియు, నిటారు వాలున లావా గట్టిపడి పొరగా నిలువజాలదనియు జర్మనీ పండితుడు వాన్ బుహ్ వాదించియుండెను. దాని సత్యము తేల్చుటకై లయెల్ అరువదేండ్ల వయస్సున మరల సిసిలీ ద్వీపమునకు పోయి, ఎట్నా పర్వతము నెక్కెను. నిటారు వాలులందును లావా గట్టిపడినదని కన్నులార గాంచి, ఆ పర్వతము పొరపై పొరగా పెరిగినదని 1858వ సంవత్సరమున నిరూపించెను. 1875వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన అతడు పరమపదించెను. లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆలయమున అతనిని ఖననము చేసిరి.

పొజ్జువోలీ ఒక విశాలమైన అగ్నిపర్వత గుంటలో నున్నదని నేడు మన మెరుగుదుము. దీనినే కాల్డెరా అందురు. సుమారు 40,000 సంవత్సరములక్రిందట శిలాద్రవము మహావేగమున వెలికి చిమ్మగా, అడుగు ఖాళీయై, పైనేల కూలి ఆ గుంట ఏర్పడెను. లోపలి శిలాద్రవము, వేడినీరు, ఆవిరి ఒత్తిడిచే నేల నేటికిని లేచుచు, క్రుంగుచు నుండును. 1982 మొదలు 1984 వరకు అది ఆరడుగులకు దగ్గరగా లేచెను. వేలకొలది ప్రజలు ఇండ్లు విడువవలసి వచ్చెను.

గుంట పుట్టుక మహోత్పాతమే యగుటచే, ఆకస్మిక శక్తులను లయెల్ కొంత తక్కువగా నెంచెనని చెప్పవలెను. అయినను, నేల కదలుచున్నదన్న అతని మాట సత్యము. చూపు మందగించిన ఆ మనుజుడు, వేలమంది చూచి విడిచిన చిల్లులలో ఆ సత్యమును గాంచెను.