దారి మార్చుకొన్న మేధావి – సర్ నెవిల్ మాట్

కొబ్బరితోటలో మొక్కల్లా అణువులు వరుసలు తీరి వుంటే ఎలక్ట్రాన్ తరంగం వాటి మధ్య సాఫీగా సాగిపోతుంది. మరి వరుస తప్పితే? ఈ ప్రశ్న వెంట జీవితంలో మూడు దశాబ్దాలు గడిపిన సర్ నెవిల్ మాట్ గురించి నాకు తెలిసినంత విన్నవిస్తాను.

ఆయన 1905 సెప్టెంబరు 30న ఇంగ్లండులోని లీడ్స్‌లో జన్మించారు. తల్లిదండ్రులిద్దరూ కేవెండిష్ ప్రయోగశాలలో పనిచేసినవారే. కేంబ్రిడ్జిలో చదివి, నీల్స్ బోర్ చెంత కొన్నాళ్ళుండి, 1933లో బ్రిస్టల్‌లో ప్రొఫెసరయ్యారు. పిహెచ్.డి. పట్టా మాత్రం తీసుకోనే లేదు! 1954 నుండి 1971 వరకు కేవెండిష్ ప్రొఫెసరు.

అణువుల అమరికలో గందరగోళం హద్దుమీరితే ఎలక్ట్రాన్ ఒకచోటనే చిక్కుబడిపోతుందని 1958లో అమెరికాలో ఫిలిప్ ఆండర్సన్ చెప్పారు. పట్టించుకొన్నవారు తక్కువ. మాట్ పట్టించుకొన్నారు. అరవయ్యో ఏట, తనకు పేరు తెచ్చిన లోహాలను పక్కనపెట్టి, వరుసలేని పదార్థాల వెంటపడ్డారు. బాగా చల్లబరచినప్పుడు, చిక్కుబడ్డ ఎలక్ట్రాన్ దగ్గరి చోటుకు కాక, దూరమైనా తన శక్తికి సరిపడే చోటుకు గెంతుతుందని లెక్కకట్టారు. చేతిలో డబ్బు తక్కువైనవాడు దూరమైనా ధర కలిసే సంతకు నడిచినట్టన్నమాట. 1977లో ఆండర్సన్, వాన్ వ్లెక్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నారు.

లోహపు వాహకత ఒక కనీస స్థాయి దాకా తగ్గి, అక్కడినుంచి ఒక్కసారిగా సున్నాకు పడుతుందన్నది మాట్ సిద్ధాంతం. 1979లో నలుగురు శాస్త్రజ్ఞులు దాన్ని కాదన్నారు. వారిలో ఆండర్సన్ ఒకరు, మన దేశీయుడైన టి.వి. రామకృష్ణన్ ఒకరు. పలుచని పొరలో చుట్టుతిరిగి బయలుదేరినచోటికే వచ్చే ఎలక్ట్రాన్ తరంగం, కుడివైపుదీ ఎడమవైపుదీ ఒకే లయలో కలిసి బలపడుతుంది. వెనక్కి వచ్చేది పెరిగితే ముందుకు సాగేది తగ్గుతుంది కదా! ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను లెక్కించకపోతే, పరమశూన్య ఉష్ణోగ్రత వద్ద, పెద్ద పొరలో, గందరగోళం కొంచెమైనా చాలు, వాహకత సున్నాయే.

నోబెల్ పొందిన పెద్దాయన మొండికెయ్యవచ్చు. మాట్ కొంతకాలం వాదించి, 1980లలో తన సిద్ధాంతాన్ని తానే వదులుకొన్నారు. కొత్త దారిలోనే మళ్ళీ కలం పట్టారు. 1996 ఆగస్టు 8న కన్నుమూశారు.

డిగ్రీ అయ్యాక పొలమా, ఎమ్మెస్సీయా అని మా ఇంట్లో రోజూ చర్చే. ఇరవై ఏళ్ళకే దారి తేలిపోవాలంటారు పెద్దలు. అరవయ్యో ఏట దారి మార్చి, డెబ్బై దాటాక అభిప్రాయమూ మార్చుకొన్న ఈ మనిషి కథ చదివాక నాకు ధైర్యం చిక్కింది. ఫిజిక్సు ఎమ్మెస్సీకి దరఖాస్తు నింపాను. నాన్నగారికి చెప్పడం ఒక్కటే మిగిలింది.