పలుగొంతుల కవి పాల్కురికి సోమన

పాల్కురికి సోమనాథుడు కాకతీయుల కాలమువాడు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి ఆయన యూరు. సంస్కృత కన్నడములందు నిష్ణాతుడయ్యును, పదుగురు కూడి పాడుకొనదగిన ద్విపదను చేపట్టి బసవపురాణము రచించెను.

దానికి పరాభవము తప్పలేదు. పిడుపర్తి సోమనాథుడు చెప్పిన కథ యిది: ఓరుగంటి స్వయంభూదేవుని గుడిలో శైవులు గుమిగూడి బసవపురాణమును వినుచుండగా ప్రతాపరుద్రుడు అదేమని యడిగెను. ప్రాసయతులతో కూర్చిన ద్విపద, ప్రమాణము కాదని చెంతనున్న విప్రుడొకడు చెప్పెను. రాజు మరలిపోయెనట! పండితలోకమున దేశికవిత కుండిన విలువ అంతటిది.

పండితారాధ్యచరిత్రము కూడ ద్విపదయే. నేడు శివరాత్రికి కురవి వీరభద్రస్వామి సన్నిధిని కూడు జనము వంటిదే నాడు శ్రీశైలమునకు నడచెడిది. ఆ యాత్రను వర్ణించిన పర్వతప్రకరణమున సోమన వారి పాటలను పేరుపేరున తలచెను: తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, నివాళి పదములు, వాలేశు పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు. పాడినవారెవరో తెలియదు, పాటల పేర్లైనను దక్కినవి ఈ విద్వాంసుని చలువవలననే.

ఒకరు చరణమెత్తగా పదుగురు పల్లవి నందుకొను ఆ తీరు బతుకమ్మ చుట్టు ఉయ్యాలో యని వనితలు గొంతు కలుపునపుడు నేటికిని వినవచ్చును. సినిమా పాటలలోని బృందగానము సైతము ఆ బాణీని ఎరువు తెచ్చుకొన్నది.