చిత్తూరు నాగయ్యగారు

తెలుగు చలనచిత్రములలో భక్తులను, యోగులను, వాగ్గేయకారులను జనుల కన్నుల యెదుట సజీవముగ నిలిపిన మహానటులు చిత్తూరు వి. నాగయ్యగారు. వారు కీర్తిశేషులై అర్ధశతాబ్ది దాటినను, మేమును మా ఉపాధ్యాయ మిత్రులును కూడినప్పుడెల్ల వారి నటనను స్మరించుచునే యుందుము. మా విద్యార్థులకు వారి జీవితమును సంగ్రహముగ తెలుపుట మా యుద్దేశము.

నాగయ్యగారు 1904 వ సంవత్సరము మార్చి 28 వ తేదీన రేపల్లెలో జన్మించిరి. చిత్తూరులో కొంతకాలము గుమాస్తాగను, పిదప పత్రికారంగమునను పనిచేసిరి. అచ్చటి రామవిలాస సభవారి నాటకములలో పాడుచు, నటించుచు పేరు గడించుటచే ఆ యూరి పేరే వారి పేరునకు ముందు చేరినది. 1938 లో హెచ్. ఎం. రెడ్డిగారి 'గృహలక్ష్మి'తో చలనచిత్రరంగమున ప్రవేశించిరి. బి. యన్. రెడ్డిగారి 'వందేమాతరం' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) వారి కీర్తిని ఇంటింటికి చేర్చినవి.

వారి పాత్రలలో ఏది మిన్నయని మా మిత్రులలో వాదము కలదు. రాజాశ్రయమును నిరాకరించి హలము పట్టిన పోతనయే గొప్పయని ఒకరందురు. భోగలాలసుడు, అన్నకుమార్తె మరణముతో విరాగియైన 'యోగి వేమన' (1947) యని మరియొకరందురు. మాకు మాత్రము 'త్యాగయ్య' (1946) మీదనే మక్కువ. ఆ చిత్రమును నిర్మించి, దర్శకత్వము వహించి, సంగీతము కూర్చి, త్యాగరాజస్వామి పాత్రను కూడ వారే ధరించిరి. కావేరీతీరమున తిరువయ్యారులో నివసించియు తెలుగున కీర్తనలు రచించిన ఆ స్వామిచరిత్రము, తమిళదేశమున తెలుగు చదువుచున్న మనకు ఎంత సన్నిహితము!

ఇంట తెలుగు చదివిన పిల్లవాడు వెలుపల రాణించునా యని తలిదండ్రులు కొందరు సందేహింతురు. నాగయ్యగారిని చూడుడు. తమిళచిత్రము 'అశోక్ కుమార్' (1941) లో అశోకచక్రవర్తి వారే. 'మీరా' (1945) లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి సరసన రాణా వారే. విక్టర్ హ్యూగో నవల ననుసరించి 1950 లో తమిళమున 'ఏళై పడుం పాడు', తెలుగున 'బీదలపాట్లు' వెలువడగా రెంటను నాయకులు వారే. మా తమిళ మిత్రులు మొదటిదానిని, మేము రెండవదానిని తలచుకొందుము. కన్నీరు మాత్రము ఇరువురికి నొక్కటే.

వారు ధనము గడించిన దినములలో అడిగినవారికి లేదనక యిచ్చిరి. స్వంత చిత్రములకై వెచ్చించినది తిరిగి రాలేదు. 1964 లో తామే తీసిన 'రామదాసు' తరువాత కూడ కష్టములు తీరలేదు. 1965 లో పద్మశ్రీ బిరుదము లభించినను, కడపటి యేండ్లు చిన్నపాత్రలతో గడపవలసివచ్చినది. 1973 డిసెంబరు 30 న మదరాసులో పరమపదించిరి. ముందుచూపు లేని దానము తగునా యని మా మిత్రులొకరు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇచ్చినవారి కష్టకాలమున పుచ్చుకొన్నవారెందరు నిలిచిరని కూడ మనము ప్రశ్నించుకొనవలెను.

'పాండురంగ మహాత్మ్యం' (1957) లో నందమూరి తారకరామారావుగారికి తండ్రిగ నటించినప్పుడు నాగయ్యగారు నాయకులు కారు. అయినను ఆ ముఖమందలి శాంతము, ఆ పలుకులందలి స్పష్టత తగ్గలేదు. పాత్ర చిన్నదైనను శ్రద్ధ చిన్నది కారాదని విద్యార్థులు గ్రహింతురుగాక. వీలైనప్పుడు తలిదండ్రులతో కూర్చుండి 'త్యాగయ్య'ను చూచి, ఆ తెలుగును చెవులార వినుడు.