ఇటుకను దాచని మనిషి

మాది పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు దానమిచ్చిన ఊరు. గాంధీ శిష్యుడంటే మా ఊళ్లో అందరికీ వినోబానే గుర్తొస్తారు. సివిల్‌లో చేరినంక నాకు ఇంకొకాయన దొరికారు: లారీ బేకర్.

ఈ మధ్య కొత్త స్కూళ్ల ఫొటోలు చూడండి. ప్లాస్టరింగ్ లేని ఎర్ర ఇటుక గోడలు, ఇటుక జాలీలు మళ్లీ కనిపిస్తున్నాయి. కొన్నిచోట్ల మాత్రం అది కాంక్రీటు మీద అతికించిన ఇటుక రంగు టైలే. ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలో బేకర్ జీవితం చెప్తుంది.

ఆయన 1917లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. ఆర్కిటెక్చర్ చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టకుండా అంబులెన్స్ దళంతో చైనా వెళ్లి రోగులకు సేవ చేశారు. తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీని కలిశారు. ఆయన వేసుకున్న గుడ్డ బూట్లు గాంధీ కంట్లో పడ్డాయంటారు. ఐదు మైళ్ల లోపల దొరికే వాటితోనే ఇల్లు కట్టాలన్న గాంధీ ఆలోచన ఆయనలో నాటుకుపోయింది.

1945లో కుష్ఠు రోగుల ఆసుపత్రులు కట్టే పని మీద ఇండియా వచ్చారు. హైదరాబాద్‌లో పనిచేస్తున్న డాక్టర్ ఎలిజబెత్‌ను 1948లో పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ హిమాలయాల్లోని పితోరాగఢ్‌లో పదహారేళ్లు ఉన్నారు. రాయి, మట్టితో ఇళ్లు కట్టే అక్కడి మనుషుల దగ్గరే ఆయన మళ్లీ చదువుకున్నారు. 1960లలో కేరళ చేరారు. 1970ల మొదట్లో తిరువనంతపురంలో కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆయన ఎర్ర ఇటుక పనికి పెద్ద గుర్తు.

మనకు పనికొచ్చేది ఆయన లెక్క. రాట్-ట్రాప్ బాండ్‌లో ఇటుకను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. దాదాపు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది. ఆ ఖాళీలోని గాలి వేడిని ఆపుతుంది. కిటికీ ఖర్చు తగ్గించడానికి జాలీ. స్లాబ్‌లో కాంక్రీటుకు పని లేని చోట మంగళూరు పెంకు. ప్లాస్టరింగ్ లేదు, రంగు లేదు. ఇవన్నీ చేసింది అందం కోసం కాదు, పైసలు మిగలడానికి. అందం దాని వెంట వచ్చింది.

నాలుగో వంతు ఇటుక మిగలడం మా దగ్గర చిన్న విషయం కాదు. యాదాద్రి భువనగిరి జిల్లా బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు పిల్లలతో సహా వలస వస్తాయి. 2017లో రాచకొండ పోలీసులు ఇక్కడి బట్టీల నుంచి పిల్లలను విడిపించారు. తర్వాత బట్టీల దగ్గరే ఒడియాలో చదువు చెప్పే బడులు పెట్టారు. ఒక పిల్లోడి బడి గోడ కోసం ఇంకో పిల్లోడు బడి మానేయాల్సి వస్తే, ఆ ఇటుక ఎంత ఎర్రగా ఉంటే ఏం లాభం?

బేకర్ భారత పౌరసత్వం తీసుకున్నారు. 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న తిరువనంతపురంలో చనిపోయారు.

రేపు మనలో ఎవరో ఒకరు ఏదో ఊళ్లో స్కూలు డిజైన్ చేస్తారు. ఎర్ర ఇటుక పెడదామని క్లయింట్ అంటే, ఏ షేడ్ అని అడిగే ముందు మూడు అడుగుదాం: ఎక్కడి మట్టి, ఎవరు కాల్చారు, ఎన్ని తగ్గించగలం.