సిడ్నీ కాటన్

ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్ (జూన్ 17, 1894 - ఫిబ్రవరి 13, 1969) ఆస్ట్రేలియాకు చెందిన వైమానికుడు, ఆవిష్కర్త. విమానాల నుండి రహస్యంగా ఛాయాచిత్రాలు తీయడంలో ఆద్యుడిగా ప్రపంచానికి పరిచితుడు. తెలుగువారికి మాత్రం 1948లో కరాచీ నుండి హైదరాబాదు సంస్థానానికి విమానాలలో ఆయుధాలు చేరవేసిన వ్యక్తిగా గుర్తుంటాడు.

== తొలి జీవితము ==
కాటన్ క్వీన్స్‌లాండ్‌లో జన్మించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు నౌకాదళపు వైమానిక విభాగంలో చేరాడు. ఎత్తున ఎగిరేటప్పుడు చలికి తట్టుకొనేందుకు 1917లో ఈయన రూపొందించిన ప్రత్యేక దుస్తులు సిడ్‌కాట్ అన్న పేరుతో ప్రసిద్ధి పొందాయి. యుద్ధానంతరం కొంతకాలం న్యూఫౌండ్‌లాండ్‌లో విమానాలు నడిపాడు. తరువాత రంగుల ఫిల్ము వ్యాపారంలో ప్రవేశించాడు.

== రహస్య ఛాయాచిత్రాలు ==
1939లో బ్రిటిషు గూఢచారి శాఖ తరఫున, వ్యాపార ప్రయాణాల నెపంతో, లాక్‌హీడ్ విమానంలో కెమెరాలు దాచి జర్మనీ, ఇటలీల సైనిక స్థావరాలను చిత్రీకరించాడు. ఆయుధాలు మోసే విమానం కన్నా, ఆయుధాలు తీసివేసి వేగంగా, ఎత్తున ఎగిరే విమానమే ఈ పనికి మేలని వాదించి, స్పిట్‌ఫైర్ విమానాలను అందుకు సిద్ధం చేయించాడు. అధికారులతో పొసగక 1940లో ఆ బాధ్యతల నుండి తొలగింపబడ్డాడు. 1941లో బ్రిటిషు ప్రభుత్వం ఓ.బి.ఇ. పురస్కారమిచ్చింది.

== హైదరాబాదుకు విమానాలు ==
1948 నాటికి నిజాం పాలనలోని హైదరాబాదు భారతదేశంలో విలీనం కాలేదు. సంస్థానానికి సముద్రతీరం లేదు. నలువైపులా భారత భూభాగమే. ఆర్థిక దిగ్బంధం వలన రైలు, రోడ్డు మార్గాలలో ఆయుధాలు రావడం అసాధ్యమైంది. గ్రామాలలో రజాకార్ల దౌర్జన్యాలు, రైతాంగ సాయుధ పోరాటం సాగుతున్న కాలమది. ఆ సమయంలో ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ ప్రభుత్వం కాటన్ సహాయం తీసుకొంది.

కరాచీ నుండి హైదరాబాదుకు గగనమార్గాన దూరం సుమారు 1,450 కిలోమీటర్లు. కాటన్ వాడిన లాంకాస్ట్రియన్ విమానాలు, లాంకాస్టర్ బాంబరును మార్చి తయారు చేసినవి, గంటకు 390 కిలోమీటర్ల వేగంతో ఈ దూరాన్ని దాదాపు నాలుగు గంటలలో దాటగలవు. ఆగకుండా ఆరు వేల కిలోమీటర్లకు పైగా ఎగరగలవు కనుక రానుపోను 2,900 కిలోమీటర్లకు దారిలో ఇంధనం నింపుకొనే అవసరం లేదు. అందువలన భారత భూభాగంలో ఎక్కడా దిగకుండా, రాత్రివేళ వచ్చి తిరిగి వెళ్ళడం సాధ్యమైంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు ఈ విమానాలు బీదర్, వరంగల్ తదితర చోట్లకు ఆయుధాలు, మందుగుండు చేరవేశాయి.

విమానం దూరాన్ని తగ్గించింది గాని బరువును పెంచలేకపోయింది. కొన్ని విమానాలు మోసుకొచ్చిన సామగ్రి టాంకులతో వచ్చే సైన్యాన్ని నిలువరించడానికి చాలలేదు. సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. సంస్థానం భారతదేశంలో కలిసింది.

== చివరి రోజులు ==
ఈ రవాణా విషయమై బ్రిటన్‌లో కాటన్‌పై కేసు నడిచి, 200 పౌండ్ల జరిమానా పడింది. ఆయన 1969లో ఇంగ్లండులో మరణించాడు. స్వరాష్ట్రమైన క్వీన్స్‌లాండ్‌లో ఖననం చేశారు.