తిరిగిరాని విమానాలను లెక్కపెట్టిన మనిషి

ఒళ్లంతా ఎర్ర చుక్కలున్న విమానం బొమ్మ ఒకటి ఈపాటికి మీ వాట్సాప్‌కో, లింక్డిన్ ఫీడ్‌కో వచ్చే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తూటాలు తిని తిరిగొచ్చిన విమానాలను చూసి, చుక్కలున్న చోట కవచం వేద్దామని సైన్యం అనుకుందట. కాదు, చుక్కలు లేనిచోట వేయండని ఓ లెక్కల ప్రొఫెసర్ చెప్పాడట. ఆ బొమ్మ ఈమధ్య గీసింది. అధికారులతో వాదన సీను చెప్పుకుంటూ పోగా పెరిగింది. ప్రొఫెసర్ మాత్రం నిజం. పేరు అబ్రహాం వాల్డ్. ఆయన అసలు చేసిన పని ఆ బొమ్మకంటే చాలా బాగుంటుంది.

వాల్డ్ 1902 అక్టోబర్ 31న అప్పటి ఆస్ట్రియా-హంగరీలోని కొలోజ్వార్‌లో పుట్టారు. ఇప్పుడది రుమేనియాలోని క్లూజ్ నగరం. తండ్రిది బేకరీ. నిష్ఠగా ఉండే యూదు కుటుంబం, శనివారం పని ముట్టరు. బడేమో శనివారం కూడా ఉండేది. దాంతో చిన్నప్పటి చదువంతా ఇంట్లోనే సాగింది. ఊళ్లో యూనివర్సిటీ చదువయ్యాక వియన్నా వెళ్లి, 1931లో కార్ల్ మెంగర్ దగ్గర గణితంలో పీహెచ్‌డీ చేశారు. అంత చదివినా యూదుడు కావడంతో యూనివర్సిటీ ఉద్యోగం దొరకలేదు. ప్రైవేటుగా లెక్కలు చెప్పుకుంటూ, ఆర్థికవేత్త ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ సంస్థలో పనిచేస్తూ నెట్టుకొచ్చారు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. ఆ ఏడాదే వాల్డ్ అమెరికా చేరారు. వెనక మిగిలిపోయిన కుటుంబంలో చాలామందిని నాజీలు చంపేశారు.

న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో హెరాల్డ్ హోటలింగ్ ఆయన్ను స్టాటిస్టిక్స్ వైపు లాగారు. అప్పటిదాకా వాల్డ్ ఎక్కువగా జామెట్రీ మనిషి. యుద్ధం రాగానే అదే యూనివర్సిటీలో సైన్యం కోసం లెక్కలు చేసే స్టాటిస్టికల్ రీసెర్చ్ గ్రూప్ మొదలైంది. మిల్టన్ ఫ్రీడ్‌మన్ లాంటివాళ్లు పనిచేసిన చోటు అది. విమానాల సమస్య వాల్డ్ బల్ల మీదికి అక్కడే వచ్చింది. 1943లో ఆయన దాని మీద వరసగా ఎనిమిది నోట్సులు రాశారు.

వాటిలో ఒక ఉదాహరణ ఉంది. కాగితం, పెన్ను తీసుకుంటే మీరూ చేయొచ్చు. 400 విమానాలు దాడికి వెళ్లాయనుకుందాం. 380 తిరిగొచ్చాయి. వాటిలో 320కి ఒక్క దెబ్బా తగల్లేదు. 32కి ఒకటి, 20కి రెండు, 4కి మూడు, 2కి నాలుగు, ఇంకో 2కి అయిదు దెబ్బలు తగిలాయి. మిగతా 20 రాలేదు. రన్‌వే మీద నిలబడి చూసేవాడికి ఏం కనిపిస్తుంది? దెబ్బతిన్న 60 విమానాలు. అరవైకి అరవై క్షేమంగా దిగినవే. అంటే మన విమానాలు గట్టివే కదా అనిపిస్తుంది.

వాల్డ్ ఆ 20ని కూడా లెక్కలోకి లాక్కొచ్చారు. దెబ్బ తగలనిదే విమానం కూలదు, ప్రతి దెబ్బకీ కూలే అవకాశం ఒకటే అని రెండు విషయాలు ఊహించుకున్నారు. ఆ ప్రకారం సమీకరణం కడితే, ఒక్కో దెబ్బను తట్టుకునే అవకాశం సుమారు 85 శాతమని తేలుతుంది. అంటే దెబ్బతిన్న మొత్తం 80 విమానాల్లో దాదాపు 12 మొదటి దెబ్బకే పోయాయి. శకలం ఒక్కటి కూడా చూడకుండానే ఆ మాట చెప్పొచ్చు.

తర్వాత ఒక్కో భాగం సంగతి. రెక్కలకెంత, ఇంజిన్‌కెంత, ట్యాంకులకెంత వైశాల్యమో తెలుసు. తూటాలు ఎటుపడితే అటు తగిలితే ఏ భాగానికి ఎన్ని పడాలో లెక్కేయొచ్చు. తిరిగొచ్చిన విమానాల్లో ఇంజిన్ దగ్గర ఉండాల్సినన్ని దెబ్బలు లేవంటే, ఆ తగ్గిన దెబ్బలన్నీ రాని విమానాల మీద ఉన్నట్టే. ఇక తన ఊహలు తప్పయితే జవాబు ఏ హద్దుల మధ్య ఉంటుందో కూడా వాల్డ్ కట్టి చూపించారు. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. వాట్సాప్ కథలో ఇది ఉండదు.

ఇందులో నా సొంత గొడవ ఒకటుంది. మొదటి ఉద్యోగంలో మొబైల్ యాప్ క్రాష్ రిపోర్టులు చూసేవాణ్ని. పాత ఫోన్ల నుంచి రిపోర్టులే రావట్లేదని టీమ్ అంతా సంబరపడ్డాం. తీరా చూస్తే ఆ ఫోన్లలో యాప్ తెరుచుకోనే లేదు. రిపోర్ట్ పంపే కోడ్ లోడయ్యేలోపే చచ్చిపోతోంది. అది అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

యుద్ధం తర్వాత వాల్డ్ పేరు బాగా పెరిగింది. ఒక లాట్ సరుకు మంచిదో కాదో తేల్చడానికి ముందే ఇన్ని తీసి పరీక్షించాలని అనుకోనక్కర్లేదు, ఒక్కోటీ చూస్తూ సరిపడా ఆధారం దొరకగానే ఆపేయొచ్చు అనే పద్ధతి ఆయనదే. దాని మీద పుస్తకం 1947లో వచ్చింది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఆయన పేరు వాల్డ్ టెస్ట్ రూపంలో పరిచయం. దాని పక్కనే రావు స్కోర్ టెస్ట్ ఉంటుంది. ఆ రావు మన కల్యంపూడి రాధాకృష్ణారావు గారే, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్.రావు.

1950 చివర్లో ప్రభుత్వ ఆహ్వానం మీద వాల్డ్ భార్య లూసిల్‌తో కలిసి మన దేశానికి వచ్చారు, ఉపన్యాసాలివ్వడానికి. డిసెంబర్ 13న వాళ్లెక్కిన ఎయిర్ ఇండియా డకోటా నీలగిరుల్లో కోటగిరి దగ్గర కొండను ఢీకొంది. ఎవరూ బతకలేదు. ఆయనకు 48 ఏళ్లు. ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. వాళ్లలో రాబర్ట్‌కు అప్పటికి మూడేళ్లు. తర్వాత సాపేక్ష సిద్ధాంతంలో పేరున్న ఫిజిసిస్ట్ అయ్యారు.

ఆ రోజుల్లో ముందు కొండ ఉందని పైలట్‌ను హెచ్చరించే పరికరం కాక్‌పిట్‌లో లేదు. ఆఖరి నిమిషాల మాటలు దాచే రికార్డరూ లేదు. కొండల్ని ఢీకొనడం అక్కడితో ఆగలేదు కూడా. 1974 డిసెంబర్ 1న అమెరికాలో టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గర దిగబోతూ కొండను ఢీకొంటే 92 మంది చనిపోయారు. దర్యాప్తులో తేలిన ఒక సంగతి మాత్రం కడుపులో దేవినట్టు చేస్తుంది. ఆరు వారాల ముందే ఇంకో కంపెనీ విమానం అదే చోట, అదే పొరపాటుతో, కొండకు తగలకుండా కొద్దిలో బయటపడింది. ఆ పైలట్లు తమ కంపెనీకి చెప్పారు. కంపెనీ తన పైలట్లకు చెప్పింది. పక్క కంపెనీకి తెలియలేదు. ఇక్కడ తిరిగొచ్చిన విమానం నోరు తెరిచి చెప్పినా ఆ కబురు చేరాల్సినవాళ్లకు చేరలేదు.

ఆ తర్వాతే భూమి దగ్గరైతే హెచ్చరించే పరికరాన్ని అమెరికా తప్పనిసరి చేసింది. పైలట్లు తమ పొరపాట్లను చెప్పుకునే వ్యవస్థ 1976లో మొదలైంది. దాన్ని విమానయాన నియంత్రణ సంస్థ చేతిలో పెట్టకుండా నాసాకు అప్పగించారు. లైసెన్స్ ఇచ్చేవాడికే తప్పు ఒప్పుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? నాసా పేర్లు తీసేసి సంగతి మాత్రం ఉంచుతుంది. 2013లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సేఫ్టీ మేనేజ్‌మెంట్ కోసమే ప్రత్యేకంగా 19వ అనుబంధం తెచ్చింది. 27,000 కిలోలు దాటిన విమానాలు నడిపే ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ డేటాను క్రమం తప్పకుండా పరిశీలించాల్సిందే. కూలినప్పుడే కాదు, మామూలుగా దిగిన రోజుల్లోనూ. పైలట్లూ ఇంజినీర్లే కాదు, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకూ ఇక్కడ పని ఉంది.

ఆ పని ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక బేస్ నుంచి నెలకు నలభై రిపోర్టులు వస్తున్నాయి: పక్షి తగిలింది, ల్యాండింగ్ గట్టిగా పడింది, చెక్‌లిస్ట్‌లో ఒకటి మరిచాం. ఇంకో బేస్ నుంచి మూడు నెలలుగా ఒక్కటీ లేదు. మేనేజర్ రెండోదానికి అవార్డు ఇద్దామంటున్నాడు. మీరు ఫోన్ తీసి ఆ రెండో బేస్‌కు కలుపుతారు.